ఆగని కుర్చీ ఎక్కడం, దిగడం

కొత్తగా స్కీయింగ్ నేర్చుకున్నవాళ్లని మొదటిరోజు దేనికి ఎక్కువ భయపడ్డారని అడిగి చూడండి. చాలామంది కొండవాలు పేరు చెప్పరు, చైర్‌లిఫ్ట్ పేరు, అంటే తాడుకి వేలాడుతూ జనాన్ని కొండెక్కించే కుర్చీల పేరు చెబుతారు. వాలు మీద భయమేస్తే ఆగిపోవచ్చు, మంచులో చతికిలబడొచ్చు, మరీ కాకపోతే స్కీలు విప్పి భుజాన వేసుకుని నడిచి దిగొచ్చు. లిఫ్ట్ దగ్గర ఇవేవీ కుదరవనిపిస్తుంది. వెనక క్యూ తోస్తున్నట్టు ఉంటుంది, ముందు కుర్చీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేస్తుంటాయి, కాళ్లకేమో మన మాట వినని పొడవాటి పలకలు. పైగా అందరూ చూస్తున్నారన్న ఫీలింగ్ ఒకటి.

నా మొదటి లిఫ్ట్ సంగతి చెబుతాను. ఎక్కడం బాగానే ఎక్కాను. దారంతా కిందకి చూడకుండా, ఒడి ముందు అడ్డంగా ఉండే బార్‌ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. పైన దిగేచోట మాత్రం కంగారులో పక్కనున్న పెద్దాయన చేయి పట్టేసుకున్నాను. ఇద్దరం కలిసి పడ్డాం. లిఫ్ట్ ఆగింది. గాల్లో ఉన్నవాళ్లంతా నన్నే తిట్టుకుంటున్నారని ఆ పూటంతా కుమిలిపోయాను. నిజానికి లిఫ్ట్ ఆగితే ఎవరూ అంతగా పట్టించుకోరు, గ్లవ్ తీసి ఫోన్ చూసుకుంటారు. ఆ సంగతి నేనూ పైన కూర్చుని ఆగినప్పుడే తెలిసింది.

ఆ రోజు దారి పొడవునా నేను భయపడింది గాల్లో ఉన్నందుకు. పడింది నేల మీద. కొత్తవాళ్లలో ఎక్కువమందికి ఇలాగే జరుగుతుంది. గాల్లో గడిపే ఐదారు నిమిషాల్లో మనం చేయాల్సిన పని దాదాపు ఏమీ ఉండదు. పనంతా ఎక్కే మూడు నాలుగు సెకన్లలో, దిగే మూడు నాలుగు సెకన్లలో ఉంటుంది. మన భయం మాత్రం ఎత్తు చుట్టూనే తిరుగుతుంటుంది. ఆ కొద్ది సెకన్లలో ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి.

ఒకే తాడు, రెండు చక్రాలు

కొండ కింద ఒక పెద్ద చక్రం, కొండ పైన ఇంకో పెద్ద చక్రం. రెండింటినీ చుట్టి వచ్చే ఒకే ఒక ఉక్కు తాడు. దాని రెండు కొసలనీ కలిపి అల్లేస్తారు కాబట్టి దానికి మొదలూ చివరా ఉండవు. ఒక చక్రాన్ని మోటారు తిప్పుతుంది. తాడు వదులు కాకుండా బరువులతోనో హైడ్రాలిక్ సిలిండర్లతోనో బిగువుగా లాగి ఉంచుతారు. మధ్యలో టవర్ల మీద చిన్న చక్రాల వరసలు తాడుని మోస్తాయి. కుర్చీలు ఆ తాడుకి వేలాడుతూ ఒకవైపు మనుషులతో ఎక్కుతాయి, రెండోవైపు ఖాళీగా దిగుతాయి.

కుర్చీలన్నీ ఒకే తాడుకి ఉన్నాయి కాబట్టి ఒక్కో మనిషి కోసం లిఫ్ట్‌ని ఆపుకుంటూ పోతే కొండ మీద అందరూ ఆగుతూ ఊగుతూ వెళ్లాలి. అందుకే మామూలుగా కుర్చీ ఆగదు, కదులుతుండగానే మనం ఎక్కాలి. ఎంత వేగంతో వచ్చే కుర్చీ మీద మనిషి క్షేమంగా కూర్చోగలడు అన్న ప్రశ్న చైర్‌లిఫ్ట్ పుట్టినప్పుడే వచ్చింది.

అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో 1936లో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఒక స్కీ రిసార్టు తెరిచింది. జనాన్ని కొండెక్కించే పద్ధతి కనిపెట్టమని తమ ఇంజినీర్లకి చెప్పింది. వాళ్లలో జేమ్స్ కర్రన్ అనే ఆయన అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రం పని చూసినవాడు. కదిలే తాడుకి కొక్కేలు, కొక్కేలకి గెలలు. కొక్కెం బదులు కుర్చీ, గెల బదులు మనిషి ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, గెలకి కంగారు ఉండదు, మనిషికి ఉంటుంది. అందుకని నెబ్రాస్కాలోని ఒమాహాలో మంచు లేనిచోట ఒక ట్రక్కు పక్కన కుర్చీ బిగించి, నిలబడిన మనిషిని ఆ కుర్చీతో ఎత్తుకుపోతూ ప్రయోగాలు చేశారు. గడ్డి పరిచి దాని మీద స్కీలతో నిలబెట్టారు, తర్వాత రోలర్ స్కేట్లు కట్టి చూశారు. గంటకి 4, 5 మైళ్లు, అంటే సుమారు 6 నుంచి 8 కిలోమీటర్ల వేగమైతే మనిషి తట్టుకోగలడని తేల్చారు.

ఇప్పటికీ తాడుకి కుర్చీ శాశ్వతంగా బిగించి ఉండే లిఫ్టులు, వీటినే ఫిక్స్‌డ్ గ్రిప్ అంటారు, ఇంచుమించు ఆ వేగంతోనే నడుస్తున్నాయి. గట్టిగా నడిస్తే సెకనుకి రెండున్నర మీటర్లు, అంటే గంటకి 9 కిలోమీటర్లు. ఇంకా వేగంగా తిప్పగలిగే మోటార్లు ఎప్పుడో వచ్చాయి. హద్దు పెట్టింది మన మోకాళ్లు.

వేగంగా వెళ్లే లిఫ్టే నెమ్మది

ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నా మొదటి వారం ఇంకోలా ఉండేది. రిసార్టు మ్యాపులో "హై స్పీడ్" అని రాసి ఉన్న లిఫ్టులన్నిటినీ నేను తప్పించుకు తిరిగాను. పాతవి, చిన్నవి, మెల్లగా కదులుతున్నట్టు కనిపించేవి వెతుక్కున్నాను. సరిగ్గా తప్పు చేశాను.

హై స్పీడ్ లిఫ్టుల్లో కుర్చీకీ తాడుకీ ఉన్న పట్టు విడిపోతుంది. వీటిని డిటాచబుల్ లిఫ్టులంటారు. కుర్చీ స్టేషన్‌లోకి రాగానే తాడుని వదిలేసి ఒక పట్టా మీదకి ఎక్కుతుంది. అక్కడ టైర్ల వరసలు దాన్ని నెమ్మదింపజేసి మన ముందు నుంచి నడిపిస్తాయి. మనం కూర్చున్నాక మళ్లీ తాడంత వేగానికి తెచ్చి పట్టుని బిగిస్తాయి. బయట తాడు సెకనుకి 5 మీటర్లతో పరుగెడుతుంటే, మనం ఎక్కేచోట కుర్చీ దాదాపు సెకనుకి 1 మీటరుతో వస్తుంది. మనం తీరిగ్గా నడిచే నడక కంటే అది తక్కువ. ఫిక్స్‌డ్ గ్రిప్ కుర్చీకి ఇలా వేగం తగ్గించుకునే వీలే లేదు. చూడ్డానికి మెల్లగా కనిపించే ఆ పాత లిఫ్టే మన కాళ్ల దగ్గరికి వచ్చేసరికి రెట్టింపు వేగంతో ఉంటుంది, పిక్కల మీద ఠప్పున కొడుతుంది. నలుగురు కూర్చునే డిటాచబుల్ లిఫ్ట్ మొదట 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో వచ్చింది. కొత్తవాళ్ల కోసం కట్టారని కాదు గానీ, ఎక్కువ మేలు జరిగింది మాత్రం కొత్తవాళ్లకే అని నా అభిప్రాయం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. వేగం రెట్టింపయితే కొండ మీదకి రెట్టింపు జనం చేరతారు అనుకుంటాం. చేరరు. నలుగురు కూర్చునే కుర్చీ ఆరు సెకన్లకొకటి వస్తుందనుకుందాం. గంటకి 600 కుర్చీలు, 2,400 మంది. సెకనుకి రెండున్నర మీటర్ల లిఫ్ట్‌లో ఆరు సెకన్లంటే కుర్చీల మధ్య 15 మీటర్ల ఎడం. 5 మీటర్ల లిఫ్ట్‌లో అదే ఆరు సెకన్లకి 30 మీటర్ల ఎడం. వచ్చే కుర్చీల లెక్క మారలేదు, ప్రయాణం తొందరగా అయింది, అంతే. ఆ ఆరు సెకన్లని తగ్గించలేకపోవడానికి కారణం మళ్లీ మనుషులే. ముందువాళ్లు వెళ్లాక గేటు దాటి, గీత మీదకి జారి, తిరిగి చూసుకుని కూర్చోవడానికి అంత సమయం కావాలి. అంటే వేగమైన లిఫ్ట్ దగ్గర నిలబడితే ఎక్కువ హడావిడి పడాలన్న భయం కూడా అక్కర్లేదు.

కొన్ని ఫిక్స్‌డ్ గ్రిప్ లిఫ్టుల దగ్గర ఎక్కేచోట నేల మీద రబ్బరు బెల్టు పరిచి ఉంటుంది. గేటు తెరుచుకోగానే బెల్టు మీదకి జారితే అది మనల్ని కుర్చీ వెళ్లే దిక్కులోనే మోసుకుపోతుంది. మనమూ కదులుతుంటాం కాబట్టి కుర్చీ దెబ్బ తగ్గుతుంది. చూడ్డానికి బెల్టు, కుర్చీ రెండూ కదులుతుండడం వల్ల తల తిరిగినట్టుంటుంది గానీ, దాని మీద నడవకుండా, తోసుకోకుండా ఊరికే నిలబడితే చాలు.

ఎక్కడం

క్యూలో ఉండగానే చేసుకోవాల్సిన పనులున్నాయి. స్కీ పోల్స్‌కి, అంటే చేతికర్రలకి, ఉండే పట్టీలు మణికట్టుల నుంచి తీసేయాలి, రెండు పోల్స్‌నీ ఒక చేతిలోకి తెచ్చుకోవాలి. వీపున బ్యాగు ఉంటే తీసి ఒళ్లోకి తెచ్చుకోవాలి. వేలాడే స్కార్ఫులు, పట్టీలు లోపలికి దోపుకోవాలి. ఇదేదో చాదస్తంలా అనిపించొచ్చు. దిగేటప్పుడు బ్యాగు పట్టీ కుర్చీకి చిక్కుకుంటే మనిషి దిగిపోతాడు, బ్యాగు దిగదు, కుర్చీ లాక్కుపోతుంది. చైర్‌లిఫ్ట్ ప్రమాదాల్లో ఇదొక పాత రకం.

తర్వాత పనల్లా చూడటం. మీకంటే ముందు ఓ పది కుర్చీలు ఎలా ఎక్కుతున్నారో గమనించండి. ఆగాల్సిన చోట ఒక బోర్డు, కూర్చోవాల్సిన చోట మంచులో ఒక గీతో బోర్డో ఉంటాయి. ముందువాళ్ల కుర్చీ మన ఎదురుగా దాటిపోగానే బయల్దేరాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కుర్చీ వెళ్లిందని తెలిసినా ఒక్క క్షణం సందేహిస్తారు, ఆ క్షణాన్ని తర్వాత పరుగుపెట్టి పూడ్చుకోవాలని చూస్తారు. కుర్చీ దాటిన వెంటనే మెల్లగా కదిలితే సమయం బోలెడంత ఉంటుంది.

గీత మీదకి చేరాక స్కీలు రెండూ ముందుకి, సమానంగా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి, భుజం మీదుగా వెనక్కి చూడాలి. బయటి అంచున ఉన్నవాళ్లు బయటి భుజం మీదుగా చూసి, ఖాళీ చేత్తో కుర్చీ పక్క కడ్డీ పట్టుకుంటే సరి. పాత ఇద్దరు కూర్చునే కుర్చీలకి కొన్నిటికి కడ్డీ మధ్యలో ఉంటుంది, అప్పుడు లోపలి భుజం మీదుగా చూడాలి. సీటు తగలగానే కూర్చోవడమే. ముందే కూర్చోబోతే మంచులో కూర్చుంటారు. కుర్చీ తగిలాక నిలబడే ఉండిపోతే అది తోసేస్తుంది. కూర్చున్నాక వెనక్కి పూర్తిగా జరిగి వీపు ఆనించాలి. ఇది బార్ కంటే ముఖ్యమని కూడా అంటాను. కుర్చీ మీంచి పడ్డవాళ్లలో చాలామంది మొదట్లోనే అంచున కూర్చుని, సర్దుకునేలోపు నేల దూరమైపోయినవాళ్లే.

పిక్కల మీద దెబ్బ తగలకుండా చూడటానికే అక్కడ లిఫ్ట్ ఆపరేటర్ ఉంటారు. చక్రం చుట్టూ ఊగుతూ వచ్చే కుర్చీని చేత్తో పట్టి, దాని ఊపు తగ్గించి, మన వెనక నెమ్మదిగా వదులుతారు. గంటకి వందల కుర్చీలు అలా పట్టడం చిన్న పని కాదు. ఆయనకో ఆమెకో "ఇది నాకు మొదటిసారి, కాస్త స్లో చేస్తారా" అని ఒక్క మాట చెబితే చాలు, లిఫ్ట్ వేగం తగ్గిస్తారు. వాళ్ల చేతిలో స్లో బటన్, స్టాప్ బటన్ రెండూ ఉంటాయి. ఈ మాట అడగడానికి సిగ్గుపడి పడిపోయినవాళ్లలో నేనొకణ్ని. అడగనివాళ్లు పడితే ఎలాగూ ఆపాలి, అడిగితే కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది. వాళ్లకీ అదే హాయి.

ఇంకో చిట్కా: రద్దీ లేని వేళ చూసి, నలుగురి కుర్చీలో ఇద్దరే ఎక్కేలా అడగండి. ఎక్కేటప్పుడు కాదు గానీ దిగేటప్పుడు ఆ ఖాళీ చాలా పనికొస్తుంది. ఒకవేళ సరిగ్గా కూర్చోలేకపోయి, ఇంకా నేల మీదే ఉంటే, వేలాడకండి. వదిలేసి మంచులో పడిపోండి. తల వంచుకుని పడుకుంటే కుర్చీ మీద నుంచి వెళ్లిపోతుంది, అప్పటికే ఎవరో ఒకరు లిఫ్ట్ ఆపేసి ఉంటారు. నేల వదిలేశాక మాత్రం ఈ సలహా వర్తించదు. అప్పుడు కుర్చీని గట్టిగా పట్టుకుని అరవాలి, పక్కవాళ్లు మిమ్మల్ని పట్టుకోవాలి.

స్నోబోర్డ్, అంటే రెండు కాళ్లకీ కలిపి ఒకే పలక కట్టుకునే వాళ్ల కష్టం కొంచెం వేరు. క్యూలోకి రాకముందే వెనక కాలు బైండింగ్ (బూటుని బోర్డుకి బిగించే పట్టు) నుంచి తీసేయాలి, ముందు కాలు మాత్రం బిగించే ఉండాలి. వెనక కాలితో నేలని తోస్తూ ముందుకి జారాలి. గీత మీద బోర్డు ముక్కు నేరుగా ముందుకి చూడాలి, అడ్డంగా ఉంటే పక్కవాళ్ల స్కీల మీదకి ఎక్కుతుంది. గాల్లోకి వెళ్లాక బోర్డు బరువంతా ఒక మోకాలి మీద వేలాడుతుంది కాబట్టి కాళ్లు పెట్టుకునే కడ్డీ ఉంటే దాని మీద ఆనించండి, లేకపోతే ఖాళీ బూటుని బోర్డు కింద ఆసరాగా పెట్టండి.

గాల్లో

కూర్చున్నాక బార్ దించాలి. దించేముందు పక్కవాళ్లకి ఒక మాట చెప్పడం మర్యాద, లేకపోతే ఎవరి హెల్మెట్‌కో టంగుమని తగులుతుంది. యూరప్‌లో కూర్చోగానే బార్ దించడం అందరికీ అలవాటు. అమెరికాలో చోటుని బట్టి మారుతుంది. వెర్మాంట్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో అది చట్టం. పడమటి రాష్ట్రాల్లో బార్ ఎత్తే ఉంచి కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లు కనిపిస్తారు. మీరు కొత్తవాళ్లయినా సరే, "బార్ దించుతున్నా" అని చెప్పి దించేయండి. ఎవరూ కాదనరు.

ఇక శబ్దాలు. టవర్ దగ్గరికి వచ్చినప్పుడు కుర్చీ గడగడమని వణుకుతుంది. గ్రిప్ ఆ చిన్న చక్రాల మీదుగా వెళ్లే చప్పుడు అది. ప్రతి టవర్ దగ్గరా వస్తుంది, రావాలి కూడా. డిటాచబుల్ లిఫ్ట్ స్టేషన్‌లో నుంచి బయటికి వచ్చేటప్పుడు ఠక్‌మని వినిపించి కుర్చీ ఒక్కసారి ముందుకి దూకుతుంది. అది గ్రిప్ తాడుని పట్టుకున్న క్షణం. "విడిపోయే పట్టు" అన్న మాట వినగానే నాకు చెమటలు పట్టాయి గానీ, ఆ గ్రిప్‌ని మూసి ఉంచేది గట్టి స్ప్రింగులు. దాన్ని తెరవాలంటేనే స్టేషన్‌లోని ఏర్పాటు బలం పెట్టాలి. బయటికి వెళ్లేముందు ప్రతిసారీ ఆ పట్టు సరిగా పడిందో లేదో యంత్రం చూస్తుంది, అనుమానం వస్తే లిఫ్ట్ తనంతట తానే ఆగుతుంది. టవర్ల మీద కూడా ఇలాంటిదే ఒకటి ఉంటుంది. తాడు చక్రాల మీంచి తప్పితే విరిగేలా పెళుసు కడ్డీలు పెడతారు. కడ్డీ విరిగితే కరెంటు సర్క్యూట్ తెగి లిఫ్ట్ ఆగిపోతుంది.

లిఫ్ట్ ఆగడం దగ్గరే కొత్తవాళ్ల ఊహలు పరుగులు తీస్తాయి. ఆగినప్పుడు కుర్చీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, తాడు పొడవునా అల లాగా పైకీ కిందకీ కదులుతుంది. కడుపులో తిప్పుతుంది. చాలాసార్లు కారణం ఒకటే: కింద ఎక్కేచోటో పైన దిగేచోటో ఎవరో పడ్డారు. మనలాంటివాళ్లే. లేవదీసి, దుమ్ము దులిపినట్టు మంచు దులిపి, మళ్లీ నడుపుతారు. గాలి ఎక్కువైతే ముందు వేగం తగ్గిస్తారు, ఇంకా పెరిగితే జనాన్ని దించేసి లిఫ్ట్ మూసేస్తారు. కరెంటు పోతే డీజిల్ ఇంజిన్‌తో మెల్లగా నడిపి అందర్నీ పైకి చేరుస్తారు. అదీ కుదరకపోతే స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే కొండ మీద గస్తీ తిరిగే సహాయక సిబ్బంది, తాళ్లతో ఒక్కొక్కరినీ కిందకి దించుతారు. అది అరుదైన పని, దానికి ముందుగానే సాధన చేసి ఉంటారు. ఆ స్థితిలో మనం చేయాల్సింది ఒకటే, చేయకూడనిది ఒకటే. కూర్చుని ఉండాలి. దూకకూడదు. పైనుంచి చూస్తే మంచు మెత్తటి పరుపులా కనిపిస్తుంది, చదును చేసిన వాలు మీద అది గట్టి నేలే.

లిఫ్ట్ వెనక్కి జారిపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భయపడేవాళ్లు ఆ వీడియో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. 2018 మార్చిలో జార్జియా దేశంలోని గుడౌరిలో ఒక చైర్‌లిఫ్ట్ వెనక్కి తిరిగి వేగంగా కిందకి పరుగెత్తింది. కింద స్టేషన్‌లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొందరు గాయపడ్డారు. అలాంటిది అసలు జరగనే జరగదని నేను చెప్పలేను. చైర్‌లిఫ్టులకి మామూలు బ్రేకు కాకుండా పెద్ద చక్రాన్నే నేరుగా పట్టుకునే అత్యవసర బ్రేకు, వెనక్కి తిరగబోతే అడ్డుపడే ఏర్పాట్లు ఉంటాయని, అవన్నీ తప్పడం చాలా అరుదని మాత్రం చెప్పగలను. అది ప్రపంచమంతా చూసిన వీడియో కావడానికి కారణం కూడా ఆ అరుదుతనమే.

ఎత్తు అంటేనే పడనివాళ్లకి నేను వాడిన ఉపాయం చెబుతాను. పాదాల కిందకి చూడొద్దు, కళ్లు మూసుకోవద్దు. ముందున్న కుర్చీ వీపుని చూడండి. దాంతో ఊగిసలాట తక్కువనిపిస్తుంది. పక్కవాళ్లతో మాట కలపండి. "దిగడమంటే నాకు భయం" అని చెప్పేస్తే ఇంకా మంచిది. వాళ్లు ఏ వైపుకి వెళ్లబోతున్నారో, మీరు ఏ వైపుకి వెళ్లాలో పైకి చేరకముందే తేలిపోతుంది.

దిగడం

అసలు పరీక్ష ఇదే. ఎక్కడంలో కుర్చీ మన దగ్గరికొస్తుంది. దిగడంలో మనం కుర్చీని వదిలి, చిన్న వాలు మీద, పక్కనే ముగ్గురు కదులుతుండగా, నేరుగా జారాలి.

చివరి టవర్ దగ్గర బార్ ఎత్తమని బోర్డు ఉంటుంది. దానికంటే ముందే ఎత్తేయడం కంగారు తప్ప ఇంకేం కాదు. బార్ లేచాక ఒకసారి చూసుకోండి: పోల్స్ ఒక చేతిలో ఉన్నాయా, కోటు అంచు ఎక్కడా చిక్కుకోలేదు కదా. తర్వాత స్కీల ముందు కొసలు పైకెత్తాలి. "టిప్స్ అప్" అని రాసిన బోర్డు ఉండేది ఇందుకే. కొసలు కిందకి వాలి ఉంటే దిగే వేదిక అంచుకి గుచ్చుకుంటాయి, కుర్చీ ముందుకి పోతుంది, కాళ్లు వెనక ఉండిపోతాయి.

స్కీలు మంచుకి తగలగానే లేచి నిలబడటం కొత్తవాళ్ల పెద్ద తప్పు. తగిలాక ఇంకా కొన్ని అడుగులు కూర్చునే ఉండాలి. స్కీలు మంచు మీద జారుతుంటాయి, మనం కుర్చీలోనే ఉంటాం. నేల చదును అయిపోయి వాలు మొదలయ్యేచోట గీతో "అన్‌లోడ్ హియర్" బోర్డో ఉంటుంది. అక్కడ లేవాలి. లేచాక కుర్చీని తోసుకుని దూకక్కర్లేదు. కుర్చీ మన తొడల వెనక మెల్లగా తోస్తుంది, వాలు మనల్ని కిందకి తీసుకెళ్తుంది. కుర్చీ పక్కకి తిరిగి చక్రం చుట్టూ పోతుంది, మనం నేరుగా పోతాం. దారులు అలా విడిపోయేలానే ఆ వాలు కట్టారు.

తొంభై శాతం పడిపోవడాలకి కారణం వెనక్కి వాలడం అని ఎవరైనా అంటే ఆ లెక్క నాకు తెలియదు గానీ, నావి మాత్రం అన్నీ అవే. భయమేస్తే శరీరం దానంతటదే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీలు అదుపు తప్పి ముందుకి పరుగెడతాయి. కాబట్టి లేచేటప్పుడు చేతులు ముందుకి, మోకాళ్లు వంచి, చూపు దూరంగా ఉన్న ఏదో ఒక చోట మీద. కాళ్ల వంక చూస్తే నడుము వంగుతుంది, తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక పక్కవాళ్లని పట్టుకోవద్దు. నేను చెబుతున్నాను కదా. కుర్చీ అంచున కూర్చుంటే కనీసం ఒకవైపు మీకు ఖాళీ ఉంటుంది.

స్నోబోర్డ్ వాళ్లకి ఈ ర్యాంపు అన్యాయం చేస్తుంది. ఆ ఆట అంతా రెండు కాళ్లూ బిగించుకుని ఆడేది. ఒంటికాలు బిగించుకుని వాలు దిగాల్సి వచ్చేది లిఫ్ట్ దిగేచోట మాత్రమే. అంటే మొదటిరోజు, అన్నిటికంటే కష్టమైన పని, అందరి ముందు. దీనికి మందు లిఫ్ట్ దగ్గర దొరకదు, కింద చదును నేల మీదే దొరుకుతుంది. ముందు కాలు బిగించి, వెనక కాలితో రెండుసార్లు తోసి, ఆ కాలిని బైండింగుల మధ్య జారకుండా అంటించే రబ్బరు ప్యాడ్ మీద పెట్టి, వెనక బైండింగ్‌కి ఆనించి, ఆగేదాకా నేరుగా జారడం. ఒక అరగంట ఇదే పని చేస్తే ర్యాంపు మీద మూడు సెకన్లు సులువైపోతాయి. దిగేటప్పుడు బోర్డు ముక్కు ముందుకి తిప్పి, వెనక కాలు ప్యాడ్ మీద పెట్టి, బరువు ముందు కాలి మీదకి వేసి, నేరుగా వెళ్లనివ్వాలి. తిప్పాలని చూడొద్దు. ర్యాంపు చివర చదును వస్తుంది, బోర్డు అదే ఆగుతుంది.

పడ్డారనుకోండి. ముందు దారిలోంచి తప్పుకోవాలి. పోల్ ఎక్కడో పడింది, గాగుల్స్ జారాయి, అవన్నీ తర్వాత. పాక్కుంటూనో దొర్లుతూనో పక్కకి వెళ్లండి. తర్వాతి కుర్చీ వచ్చేస్తుంటే లేవబోవద్దు, తల దించుకుని పడుకోండి. దిగడమే మర్చిపోయినా, ధైర్యం చాలక కుర్చీలోనే ఉండిపోయినా, కుర్చీ చక్రం చుట్టూ తిరిగే ముందు అడ్డంగా ఒక తీగో చిన్న గేటో ఉంటుంది. మన కాళ్లు తగలగానే అది లిఫ్ట్‌ని ఆపేస్తుంది. ఆపరేటర్ వచ్చి దించుతారు. ఆ తీగ దాకా వెళ్లినా ప్రాణం పోదు. గీత దాటిపోయాక ఎత్తు నుంచి దూకడమే గాయాలు తెచ్చిపెడుతుంది.

ఎక్కేముందు ఒక్క ప్రశ్న

ఇంత కష్టపడి దిగాక, ఎదురుగా నిటారుగా ఉన్న వాలు కనిపిస్తే? కాబట్టి క్యూలో నిలబడకముందే మ్యాపు చూసి, పైనుంచి కిందకి వచ్చే తేలిక దారి ఒక్కటైనా ఉందో లేదో నిర్ధారించుకోండి. ఉత్తర అమెరికాలో తేలిక దారికి ఆకుపచ్చ వృత్తం గుర్తు. యూరప్‌లో ఎక్కువచోట్ల నీలం రంగు, ఫ్రాన్స్ లాంటి చోట్ల నీలం కంటే తేలికగా ఆకుపచ్చ కూడా ఉంటుంది. అమెరికాలో నీలం అంటే మధ్యస్థం కాబట్టి ఒకచోట నేర్చుకున్న రంగు ఇంకోచోట మోసం చేస్తుంది. కుర్చీ ఎక్కకముందు నేల మీద కదిలే బెల్టు లాంటి మ్యాజిక్ కార్పెట్ దగ్గరే ఆగడం, తిరగడం వచ్చేదాకా ఉండటంలో నామోషీ ఏమీ లేదు.

పైకి వెళ్లాక కూడా నా వల్ల కాదనిపిస్తే అక్కడి ఆపరేటర్‌ని అడగండి. చాలా లిఫ్టుల్లో కుర్చీలోనే తిరిగి కిందకి దిగనిస్తారు. కొన్నింట్లో ఒప్పుకోరు, అప్పుడు స్కీ పెట్రోల్‌ని పిలుస్తారు. నేనొకసారి అలా దిగాను. లిఫ్ట్‌ని స్లో చేసి, కుర్చీని చేత్తో పట్టి ఎక్కించారు. పైకి వచ్చేటప్పుడు కొండ మాత్రమే కనిపిస్తుంది, కిందకి వెళ్లేటప్పుడు లోయంతా ఎదురుగా పరుచుకుని ఉంటుంది. ఎదురు కుర్చీల్లో పైకి వస్తున్నవాళ్లు ఒక్కొక్కరే నా వైపు చూసి చెయ్యి ఊపారు. సగం దూరం వెళ్లాక నేనూ ఊపడం మొదలుపెట్టాను. అప్పటికి బార్ మీద నా చెయ్యి ఒకటే ఉంది.